తెరచాప పడవ ఇంజనులో శీతల జల లోపాలు: గుర్తింపు, సవరణ

తెరచాప పడవను నడిపేది ప్రధానంగా గాలే అయినా, గాలి పూర్తిగా పడిపోయినప్పుడు, ఇరుకైన రేవులోకి ప్రవేశించేటప్పుడు, బ్యాటరీలను నింపుకోవలసి వచ్చినప్పుడు అది లోపల బిగించిన చిన్న ఇంజను మీద ఆధారపడుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు మీటర్ల పొడవుండే పడవల్లో ఇది సాధారణంగా 10 నుంచి 40 అశ్వశక్తుల డీజిల్ యంత్రం. గదిలోకి దిగే మెట్ల కింద, మూత వేసిన పెట్టెలో, గాలి సరిగా ఆడని చోట ఉంటుంది. వాహనాల్లో లాగా రేడియేటర్‌కు తగిలే ఎదురుగాలి ఇక్కడ లేదు కనుక, యంత్రంలో పుట్టే వేడిని బయటికి మోసుకుపోయే భారమంతా సముద్రపు నీటి మీదే పడుతుంది. ఆ నీటిని పడవ అడుగు నుంచి లోపలికి లాగి, దానితో ఇంజనును చల్లబరిచి, చివరికి పొగలో కలిపి వెనుక నుంచి బయటికి వదిలే ఏర్పాటును శీతల జల వ్యవస్థ అంటారు.

ఈ వ్యవస్థలో వచ్చే లోపాలు చాలావరకు చిన్నవి, తక్కువ ఖర్చుతో బాగయ్యేవి: నాచు నిండిన జల్లెడ, విరిగిన రబ్బరు రెక్క, వదులైన బెల్టు వంటివి. వాటిని సకాలంలో పసిగట్టకపోతే మాత్రం సిలిండర్ల మీది హెడ్ వంగిపోవడం, గాస్కెట్ కాలిపోవడం, పొగగొట్టపు రబ్బరు మాడి పడవలోకి పొగా నీరూ చొరబడడం వంటి పెద్ద నష్టాలు వెంట వస్తాయి. లోపాన్ని వెదకడంలో అనుభవజ్ఞులు నమ్మే పద్ధతి ఒక్కటే. నీరు ఏ దారిన నడుస్తుందో ఆ దారినే, ఆ వరుసలోనే వెళుతూ, ప్రతి అతుకు దగ్గరా నీరు ఇక్కడిదాకా వచ్చిందా, వస్తే ఎంత వచ్చింది అని పరీక్షించుకుంటూ పోవడమే ఆ పద్ధతి. అనుమానం కలిగిన భాగాన్నల్లా మార్చుకుంటూ పోతే డబ్బు, సమయం రెండూ వృథా కావడమే గాక, అసలు కారణం తేలకుండానే ఇంజను తాత్కాలికంగా కుదుటపడి, అవసరమైన సమయంలో మళ్లీ మొరాయిస్తుంది.

వేడి లెక్క

ఇంధనం మండినప్పుడు వెలువడే శక్తిలో దాదాపు మూడో వంతు మాత్రమే షాఫ్టును తిప్పడానికి ఉపయోగపడుతుంది. ఇంచుమించు అంతే శక్తి పొగతో పోతుంది. మిగిలినదానిలో అధికభాగం శీతల జలంలోకి చేరుతుంది. ఆ లెక్కన 20 కిలోవాట్లు, అంటే సుమారు 27 అశ్వశక్తులు ఇచ్చే ఇంజను పూర్తి బరువు మీద నడుస్తున్నప్పుడు స్థూలంగా మరో 20 కిలోవాట్ల వేడిని నీటికి అప్పగిస్తుంది. ఒక కిలో సముద్రపు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4 కిలోజౌళ్లు కావాలి కాబట్టి, పంపు నిమిషానికి 30 లీటర్ల నీరు తోడితే ఆ నీరు సుమారు 10 డిగ్రీలు వేడెక్కి బయటపడుతుంది. ప్రవాహం సగానికి తగ్గితే అదే వేడిని మోయడానికి నీరు 20 డిగ్రీలు వేడెక్కాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పుట్టే వేడి కొద్దిగానే ఉంటుంది కనుక సగం ప్రవాహంతోనూ అది నెట్టుకొస్తుంది. రేవులో బాగానే ఉన్న ఇంజను సముద్రంలోకి వెళ్లి వేగం పెంచగానే కాగిపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కలో బయటి నీటి ఉష్ణోగ్రతకూ పాత్ర ఉంది. ఉత్తర ఐరోపా సముద్రాల్లో నీరు 10, 15 డిగ్రీల దగ్గర ఉంటే, విశాఖపట్నం, కాకినాడ తీరాల వెంబడి బంగాళాఖాతం ఉపరితల జలం ఏడాదిలో అధికభాగం 28, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లని సముద్రంలో, ఇంజను వేడిని సముద్రపు నీటికి అందించే హీట్ ఎక్స్‌చేంజర్ కొంత పూడుకుపోయినా లోపాన్ని బయటపెట్టకుండా పనిచేస్తుంది. అదే పడవ ఉష్ణమండల జలాల్లోకి వచ్చినప్పుడు ఆ వెసులుబాటు హరించుకుపోయి, ఏళ్లుగా దాగిన లోపం కొత్తగా పుట్టినట్లు కనిపిస్తుంది.

రెండు పద్ధతులు

మొదటిది ప్రత్యక్ష శీతలీకరణ. ఇందులో సముద్రపు నీరే ఇంజను దిమ్మె లోపలి మార్గాల్లో తిరిగి బయటికి పోతుంది. జపాన్‌కు చెందిన యాన్మార్ సంస్థ తయారుచేసిన 1జీఎం10, 2జీఎం20, 3జీఎం30 డీజిల్ ఇంజనులు ఈ కోవకు చెందినవి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఓష్‌కోష్‌లో యూనివర్సల్ మోటార్ కంపెనీ దశాబ్దాల పాటు తయారుచేసిన అటామిక్ ఫోర్ పెట్రోలు ఇంజను కూడా చాలా పడవల్లో ఇలాగే పనిచేసింది. ఈ పద్ధతిలో భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. కానీ పోత ఇనుము నిరంతరం ఉప్పునీటిలో నానుతూ తుప్పు పడుతుంది. రెండోది పరోక్ష శీతలీకరణ. ఇందులో ఇంజను లోపల కూలెంట్ కలిపిన మంచినీరు ఒక మూసిన వలయంలో తిరుగుతూ ఉంటుంది. సముద్రపు నీరు దానిలో కలవకుండా, హీట్ ఎక్స్‌చేంజర్ అనే ఉష్ణ వినిమాయకంలోని సన్నని గొట్టాల గుండా పోతూ ఆ మంచినీటి వేడిని గ్రహిస్తుంది. యాన్మార్ శ్రేణిలోనే పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న 2జీఎం20ఎఫ్, 3జీఎం30ఎఫ్ ఈ పద్ధతివి. నేడు తయారవుతున్న పడవ డీజిళ్లు అత్యధికం ఇలాంటివే.

రెండింటి మధ్య భేదం ఉష్ణోగ్రతలో స్పష్టంగా కనబడుతుంది. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్, కాల్షియం సల్ఫేట్ వంటివి మామూలు ఉప్పుకు భిన్నంగా నీరు వేడెక్కేకొద్దీ తక్కువగా కరుగుతాయి, అంటే వేడి గోడల మీద గట్టి పొరగా పేరుకుంటాయి. ఇంట్లో గీజరు కాయిల్ మీద కట్టే తెల్లని పెచ్చు లాంటిదే ఇది. అందువల్ల ప్రత్యక్ష పద్ధతి ఇంజనులను ఉద్దేశపూర్వకంగానే చల్లగా నడుపుతారు: యాన్మార్ జీఎం శ్రేణిలో, వేడిని బట్టి తెరుచుకునే వాల్వు అయిన థర్మోస్టాట్ 42 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 52 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. పరోక్ష పద్ధతిలో అది 71 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఒకదాని థర్మోస్టాట్‌ను మరొకదానిలో పెట్టడం కొద్దికాలానికే పెద్ద మరమ్మతును కొని తెచ్చుకోవడం అవుతుంది.

నీటి దారి

సముద్రపు నీరు నడిచే దారి ఇంచుమించు అన్ని పడవల్లో ఒక్కటే. పడవ అడుగున ఉన్న రంధ్రం దగ్గర సీకాక్ అనే వాల్వు ఉంటుంది. దాన్ని మూస్తే నీరు లోపలికి రాదు. సెయిల్‌డ్రైవ్ ఉన్న పడవల్లో, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే కాలు అడుగు నుంచి నేరుగా కిందికి దిగే ఏర్పాటులో, నీరు ఆ కాలికి ఉన్న సన్నని రంధ్రాల గుండా వస్తుంది. అక్కడి నుంచి నీరు జల్లెడకు, ఆ తరువాత ఇంజను తిప్పే రబ్బరు రెక్కల పంపుకు, హీట్ ఎక్స్‌చేంజర్‌కు, నీటిమట్టం కన్నా ఎత్తున ఉండే సైఫన్ నిరోధక వాల్వుకు చేరి, చివరికి ఎగ్జాస్ట్ ఎల్బోలో పొగతో కలుస్తుంది. బరువు మీద నడిచే ఇంజను పొగ 400 డిగ్రీలను దాటగలదు. నీరు కలిసిన క్షణంలో అది రబ్బరు గొట్టం తట్టుకోగలిగినంతగా చల్లబడుతుంది. ఆ మిశ్రమం వాటర్‌లాక్ అనే తొట్టి లాంటి సైలెన్సర్‌లో చేరి, పొగ ఒత్తిడితో విడతలు విడతలుగా వెనుక నుంచి చిమ్ముతుంది. ఆగి ఆగి చిమ్మే ఆ చప్పుడే ఆరోగ్యానికి గుర్తు. నీరు తగ్గితే శబ్దం బోలుగా, గట్టిగా, పొడిగా మారుతుంది. ఉష్ణోగ్రత ముల్లు కదలకముందే ఆ మార్పును చెవి పట్టుకోగలదు కనుక ఇంజను స్టార్ట్ చేయగానే పడవ వెనుక నీరు పడుతున్నదో లేదో చూడడం నావికులు ఎన్నడూ మానకూడని అలవాటు.

లక్షణాలను చదవడం

పరికరాలు ఏవీ విప్పకముందే రెండు సంగతులు గమనించాలి: వెనుక నుంచి నీరు మామూలుగా వస్తున్నదా, ఏ వేగం దగ్గర ఉష్ణోగ్రత పెరుగుతున్నది. నీరు తగ్గి ఉష్ణోగ్రత పెరిగితే లోపం సముద్రపు నీటి దారిలో ఉంది. నీరు సమృద్ధిగా వస్తూ కూడా ఇంజను కాగిపోతుంటే మంచినీటి వలయాన్ని, థర్మోస్టాట్‌ను, హీట్ ఎక్స్‌చేంజర్‌ను అనుమానించాలి. నెమ్మదిగా నడిచినంతసేపు బాగుండి, వేగం పెంచితేనే వేడెక్కడం పాక్షికంగా పూడుకుపోయిన మార్గాన్ని సూచిస్తుంది. అయితే పడవ అడుగున, ప్రొపెల్లర్ మీద బార్నకిల్స్ అనే గుల్లపురుగులు దట్టంగా పట్టి ఇంజను మీద మోయరాని బరువు పడినా ఇదే లక్షణం కనిపిస్తుంది, ఆ పరిస్థితిలో నీటి వ్యవస్థను ఎంత శుభ్రం చేసినా ఫలితం ఉండదు. ఇంజను తన గరిష్ఠ వేగాన్ని అందుకోలేక నల్లని పొగ వదులుతుంటే ఈ బరువును, లేదా ఎగ్జాస్ట్ దారి మూసుకుపోవడాన్ని ముందు చూడాలి.

వెనుక నుంచి వచ్చే తెల్లని ఆవిరిని తెల్లని పొగతో పొరబడడం సాధారణం. నీరు తగ్గడం వల్ల వచ్చే ఆవిరి కొద్ది దూరంలోనే గాలిలో కలిసిపోతుంది, వాసన ఉండదు. మండని డీజిల్ వల్ల వచ్చేది ఘాటైన వాసనతో నీటి మీద నూనె తెట్టె వదులుతుంది. చలిగా ఉన్న ఉదయాల్లో కొంత ఆవిరి రావడం సహజమే.

ఉష్ణోగ్రత సూచికను గుడ్డిగా నమ్మకూడదు. దాని సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే సరైన విలువ చూపుతుంది. కూలెంట్ పూర్తిగా కారిపోయి సెన్సర్ చుట్టూ ఖాళీ ఏర్పడితే, ఇంజను లోపల కాగిపోతున్నా ముల్లు చల్లగా ఉన్నట్లే చూపవచ్చు. దీనికి విరుద్ధంగా వైరు అతుకు తుప్పు పట్టి, చల్లని ఇంజనులో అలారం మోగడమూ ఉంది. చవకగా దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఇక్కడ మంచి సాక్షి. మెరిసే లోహం మీద అది తప్పు విలువ చూపుతుంది కనుక, కొలవదలచిన చోట్ల ముందుగానే చిన్న నల్లరంగు చుక్కలు పెట్టుకుంటే ప్రతిసారీ ఒకే చోట, ఒకే విధంగా కొలవవచ్చు.

ప్రవేశమార్గం, జల్లెడ

మొదట చూడవలసినది సీకాక్ తెరిచి ఉందా లేదా అన్నదే. మూసి ఉంచి మరిచిపోవడం ఎంత సాధారణమంటే, దాన్ని మూసినప్పుడల్లా ఇంజను తాళంచెవిని దాని పిడికే తగిలించే ఆచారం ఎన్నో పడవల్లో ఉంది. తెరిచే ఉంటే, దాని బయటి నోరు ప్లాస్టిక్ సంచితో, నాచుతో, జెల్లీచేపతో మూసుకుపోయి ఉండవచ్చు. పడవను ఆపి, కొద్దిగా వెనక్కి నడిపితే సంచి ఊడిపోవడం కద్దు.

ఉష్ణమండల రేవుల్లో అసలు బెడద జీవులది. ప్రవహించే నీటిలో ఆహారం దొరుకుతుంది కనుక బార్నకిల్స్, ఆల్చిప్పల జాతి జీవులు ప్రవేశరంధ్రం లోపలే, వాల్వు గోడల మీదే స్థిరపడతాయి. నెలల తరబడి కదలకుండా కట్టి ఉంచిన పడవలో ఇది మరీ వేగంగా జరుగుతుంది. తమిళనాడులోని కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రానికి సముద్రపు నీరు తెచ్చే 468 మీటర్ల సొరంగంలో ఆకుపచ్చ ఆల్చిప్పలు పెరిగి శాస్త్రజ్ఞులకు దీర్ఘకాలం పని కల్పించాయి. మూడున్నర మీటర్లకు పైగా వ్యాసం ఉన్న సొరంగానికే తప్పని సమస్య బొటనవేలంత గొట్టానికి తప్పదు. వాల్వు నీటిమట్టం కన్నా పైకి అందేలా ఉంటే గొట్టం ఊడదీసి, లోపలి నుంచి కర్రతో గానీ, గాలిపడవ నింపే పంపుతో గానీ అడ్డును బయటికి నెట్టవచ్చు. గొట్టం నీటిమట్టం కన్నా కింద ఉంటే దాన్ని ఊడదీసినప్పుడు నీరు ధారగా లోపలికి వస్తుంది; అందుకు తగిన బిరడా చేతిలో ఉంచుకోకుండా ఈ పనికి పూనుకోకూడదు.

జల్లెడ విషయంలో చెత్త కన్నా గాలే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పంపు నీటిని లాగే వైపు గొట్టాల్లో ఒత్తిడి వాతావరణ పీడనం కన్నా తక్కువ కనుక, అక్కడ ఏ అతుకు వదులైనా నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందువల్ల లోపం కంటికి కనిపించదు. జల్లెడ మూత కింది రబ్బరు రింగు ఎండి పగిలినా, మూత సరిగా బిగించకపోయినా పంపు నీటికి బదులు గాలిని తోడుతుంది. మూత పారదర్శకంగా ఉంటే బుడగలు కనిపిస్తాయి. పడవ గాలికి ఒక పక్కకు బాగా ఒరిగినప్పుడు ప్రవేశరంధ్రం నీటి పైకి తేలి గాలి మింగడం కూడా ఉంది. ఇంజను నడుస్తుండగా చాపలతో పోయేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. లాగే వైపు గొట్టం మెత్తబడి ఉంటే, ఇంజను వేగం పెరిగినప్పుడు చప్పిడిగా అణగిపోయి దారి మూస్తుంది, వేగం తగ్గగానే మళ్లీ గుండ్రంగా మారుతుంది. ఆగిన ఇంజనులో దాన్ని ఎంత చూసినా ఏమీ తెలియదు. లోపల ఉక్కు తీగ చుట్ట ఉన్న గొట్టమే ఇక్కడ వాడాలి.

లోపం పంపుకు ముందా, తరువాతా అని తేల్చడానికి ఒక్క బకెట్ చాలు. పంపులోకి వచ్చే గొట్టాన్ని జల్లెడ దగ్గర విడదీసి, నీరు నిండిన బకెట్లో ముంచి ఇంజనును కొద్ది సెకన్లు నడపాలి. పంపు బకెట్‌ను గబగబా ఖాళీ చేస్తే లోపం దానికి ముందు ఉంది. నీరు కదలకపోతే పంపులోనో, ఆ తరువాతనో ఉంది. సగం వ్యవస్థను ఒకేసారి అనుమానం నుంచి తప్పించే ఈ పరీక్షకు సాటి రాగలది మరొకటి లేదు.

ఇంపెల్లర్

పంపు గుండెకాయ ఇంపెల్లర్. నియోప్రీన్ లేదా నైట్రైల్ రబ్బరుతో చేసిన ఈ చక్రానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు రెక్కలుంటాయి. పంపు గూడులో ఒక వైపు కామ్ అనే ఉబ్బు ఉంటుంది. రెక్క ఆ ఉబ్బును ఒరుసుకుంటూ పోయేటప్పుడు వంగి, దాటగానే విచ్చుకుంటుంది. విచ్చుకునేటప్పుడు రెక్కల మధ్య చోటు పెరిగి నీరు లోపలికి లాగబడుతుంది, తిరిగి వంగేటప్పుడు అది బయటికి నెట్టబడుతుంది. ఈ పంపు తనకు తానే నీటిని పైకి లాక్కోగలదు, చిన్నచిన్న ఇసుక రేణువులను తట్టుకోగలదు. కానీ రెక్కలకు, గూడుకు మధ్య కందెనగా పనిచేసేది ఆ నీరే. నీరు లేకుండా తిరిగితే ఒకటి రెండు నిమిషాల్లోనే రబ్బరు వేడెక్కి చిరిగిపోతుంది. అందుచేత ముక్కలైన ఇంపెల్లర్ చాలాసార్లు లోపానికి కారణం కాదు, ఫలితం. మూసి ఉన్న సీకాక్, నిండిన జల్లెడ, గాలి లాగే అతుకు వీటిలో ఏదో ఒకటి దాన్ని చంపి ఉంటుంది. ఆ కారణాన్ని సవరించకుండా కొత్తది వేస్తే దాని గతీ అంతే.

మూతపలకను విప్పేటప్పుడు స్క్రూలు ఇంజను కిందికి జారిపోకుండా అడుగున గుడ్డ పరుచుకోవడం మంచిది. లోపల చూడవలసినవి చాలా ఉన్నాయి. రెక్కల మొదట్లో సన్నని పగుళ్లు ఉన్నాయా అని ఒక్కొక్కదాన్నీ వేలితో వంచి చూడాలి. ఒకటి రెండు రెక్కలు విరిగి ఉంటే, ఆ ముక్కలన్నీ దొరికేదాకా పని పూర్తి కానట్లే: అవి నీటితో పాటు కొట్టుకుపోయి హీట్ ఎక్స్‌చేంజర్ మొదటి గొట్టాల నోటికి, లేదా సన్నని వంపు దగ్గర చిక్కుకుని ఉంటాయి, కొత్త ఇంపెల్లర్ వేసినా ప్రవాహం అరకొరగానే ఉంటుంది. దొరికిన ముక్కలను పాత చక్రం పక్కన పేర్చి లెక్క సరిచూసుకోవడం మెకానిక్కుల పద్ధతి. ఇంకో లోపం పైకి అసలు కనిపించదు: రబ్బరును లోపలి కంచు బుడిపెకు అంటించిన బంధం ఊడిపోయి, షాఫ్టు తిరుగుతున్నా రబ్బరు నిలిచిపోతుంది. రెక్కలన్నీ చక్కగా ఉన్నాయని సంతృప్తిపడి మూత బిగించినవారిని ఇది దారి తప్పిస్తుంది. బుడిపెను పట్టుకుని రబ్బరును బలంగా తిప్పి చూస్తే తెలుస్తుంది.

మూతపలక లోపలి ముఖం మీద గాడులు పడితే నీరు ఆ గాడుల గుండా వెనక్కి జారి పంపు బలహీనమవుతుంది. చాలా పలకలను రెండో వైపు తిప్పి మరికొంతకాలం వాడుకోవచ్చు. మూత కింది కాగితపు గాస్కెట్ మందం కూడా ముఖ్యమే: మందపాటిది వేస్తే రెక్క అంచుకు, పలకకు మధ్య సందు పెరిగి పంపు నీటిని పైకి లాగలేదు. కొత్త ఇంపెల్లర్‌కు గ్లిజరిన్ గానీ, గిన్నెలు తోమే సబ్బుద్రవం గానీ రాసి తిరిగే దిశలో తిప్పుతూ దూర్చాలి. పెట్రోలియం గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది. నెలల తరబడి ఇంజనును వాడనప్పుడు ఇంపెల్లర్‌ను తీసి ఉంచితే వంగిన రెక్కలు ఆ ఆకారంలోనే బిగుసుకుపోకుండా ఉంటాయి.

పంపు శరీరం కింది వైపు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. నీటిని ఆపే సీలుకు, ఇంజను నూనెను ఆపే సీలుకు మధ్య దాన్ని పెడతారు. అక్కడి నుంచి నీటిబొట్లు కారితే నీటి సీలు అరిగిందని, నూనె కారితే రెండోది అరిగిందని అర్థం. కారుతున్న ఆ రంధ్రాన్ని మూసేయడం ప్రమాదకరమైన తెలివి: అప్పుడు ఉప్పునీరు బయటికి పోలేక ఇంజను నూనెలోకి చేరుతుంది. బెల్టుతో తిరిగే పంపులైతే బెల్టు వదులుదనం, పుల్లీ చుట్టూ రాలిన నల్లని పొడి చూడాలి.

మంచినీటి వలయం

వెనుక నీరు సమృద్ధిగా పడుతూ ఇంజను వేడెక్కినప్పుడు మొదట చూడవలసినది కూలెంట్ మట్టం; అదీ ఇంజను పూర్తిగా చల్లారాక మాత్రమే. ఒత్తిడి మూత వలయంలోని ద్రవాన్ని పీడనంలో ఉంచి, అది 100 డిగ్రీలు దాటినా మరగకుండా చేస్తుంది. వేడిగా ఉండగా మూత తీస్తే ఆ ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. మూత లోపలి స్ప్రింగు బలహీనపడినా, రబ్బరు పాడైనా ద్రవం తక్కువ ఉష్ణోగ్రతకే పొంగి పోతుంది.

థర్మోస్టాట్‌లో మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది. వేడికి మైనం వ్యాకోచించి వాల్వును తెరుస్తుంది. దాన్ని తీసి, దారంతో గిన్నెలో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు ఉంచి నీరు కాచితే ఏ డిగ్రీ దగ్గర తెరుచుకుంటున్నదో కళ్లారా చూడవచ్చు. అది మూసుకుపోయి బిగుసుకుంటే ఇంజను త్వరగా కాగుతుంది; తెరుచుకుని బిగుసుకుంటే చల్లగానే నడుస్తుంది. రెండోది హాని లేనిదిగా కనిపించినా, ఎప్పుడూ చల్లగా నడిచే డీజిల్‌లో ఇంధనం సరిగా మండక సిలిండర్ గోడలు నున్నబడి, ఇంజను నూనె తినడం మొదలుపెడుతుంది. వేడెక్కే ఇంజనులోంచి థర్మోస్టాట్‌ను శాశ్వతంగా తీసేయడం కూడా సరి కాదు. కొన్ని నమూనాల్లో అలా చేస్తే నీరు హీట్ ఎక్స్‌చేంజర్‌కు వెళ్లకుండా పక్కదారిలోనే చుట్టూ తిరిగి పరిస్థితి మరింత విషమిస్తుంది.

హీట్ ఎక్స్‌చేంజర్‌లో ఉప్పు పొరతో పాటు మరో పూడిక ఉంటుంది. తుప్పును తన మీదికి తీసుకునేందుకు చాలా ఇంజనుల్లో పెన్సిల్ ఆకారపు జింకు కడ్డీని బిగిస్తారు. అది కరిగి విరిగినప్పుడు ముక్కలు గొట్టాల నోళ్ల దగ్గర పోగుపడతాయి. చివరి మూతలు విప్పి, సన్నని చెక్క పుల్లతో ఒక్కొక్క గొట్టాన్నీ శుభ్రం చేయాలి. ఉక్కు ఊచ పలుచని గొట్టాన్ని చీల్చగలదు. గట్టి పొరకు పలుచని ఆమ్లం పని చేస్తుంది గానీ, అల్యూమినియం భాగాలను అది తినేస్తుంది కనుక వాటిని వేరుచేసిన తరువాతే వాడాలి. బయట ఎక్కడా తడి లేకుండా కూలెంట్ రోజురోజుకూ తగ్గుతుంటే లోపలి గొట్టం ఒకటి చిల్లుపడి ఉండవచ్చు: ఇంజను నడిచేటప్పుడు మంచినీటి వైపు ఒత్తిడి ఎక్కువ కనుక కూలెంటే సముద్రంలోకి పోతుంది. కూలెంట్ తొట్టిలో ఆగకుండా బుడగలు వస్తుంటే మాత్రం హెడ్ గాస్కెట్ కాలి పొగ వలయంలోకి చొరబడుతున్నదని భావించాలి. స్నానానికి వేడినీరిచ్చే ట్యాంకును ఈ వలయానికే కలిపిన పడవల్లో, ఆ ట్యాంకు ఇంజను కన్నా ఎత్తులో ఉంటే గాలి చిక్కుకుని ప్రవాహం ఆగడం తరచు జరుగుతుంది. కూలెంట్ మార్చిన మరునాడే ఇంజను కాగితే మొదటి అనుమానం ఈ గాలి మీదే ఉండాలి.

ఎగ్జాస్ట్ ఎల్బో

నీరూ పొగా కలిసే ఈ ఎల్బోను పట్టించుకునేవారు తక్కువ. వ్యవస్థలో అత్యంత కఠినమైన బతుకు దానిదే. ఒక పక్క ఎర్రగా కాలే పొగ, మరో పక్క ఉప్పునీరు, ఇంధనంలోని గంధకం వల్ల పుట్టే ఆమ్లం. వీటి మధ్య మసి, ఉప్పు, తుప్పు కలిసి లోపలి దారిని ఏళ్ల మీద ఇరుకు చేస్తాయి. నెమ్మదిగా, బరువు లేకుండా ఎక్కువసేపు నడిపే ఇంజనుల్లో మసి త్వరగా పేరుకుంటుంది. రేవులో కట్టి ఉంచి బ్యాటరీల కోసమే గంటల తరబడి తిప్పడం ఇందుకు ముఖ్య హేతువు. దీన్ని పరీక్షించడానికి ఎల్బోకు వచ్చే నీటి గొట్టాన్ని విడదీసి బకెట్లోకి మళ్లించి కొన్ని సెకన్లు మాత్రమే ఇంజను నడపాలి. నీరు లేని పొగ రబ్బరును కాల్చేస్తుంది కనుక అంతకు మించకూడదు. గొట్టం విడిగా ఉన్నప్పుడు నీరు ధారాళంగా వచ్చి, బిగించాక తగ్గితే అడ్డు ఎల్బోలోనే ఉంది. విప్పి చూసినప్పుడు చిటికెన వేలు కూడా దూరని రంధ్రం కనబడడం అరుదు కాదు. పోత ఇనుప ఎల్బో లోపలి గోడ తినేసుకుపోతే నీరు వెనక్కి జారి సిలిండర్లోకే చేరగలదు. అందువల్ల శుభ్రం చేసేటప్పుడు గోడ మందాన్ని సుత్తితో తట్టి చూసి, సందేహం ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలుది వేయడమే క్షేమం.

నీరు రాకూడని చోటికి రావడం

శీతల జల లోపాల్లో వేడెక్కడం కన్నా విపరీతమైనది దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది. ఎల్బోలో నీరు కలిసే స్థానం నీటిమట్టం కన్నా దిగువనో, 15 సెంటీమీటర్ల లోపు ఎత్తులోనో ఉన్న పడవల్లో, ఇంజను ఆగిన తరువాత కూడా సముద్రపు నీరు సైఫన్‌గా ప్రవహిస్తూనే ఉంటుంది. తొట్టి సైలెన్సర్ నిండి, ఆ నీరు ఎగ్జాస్ట్ వాల్వుల గుండా సిలిండర్లలోకి దిగుతుంది. దీన్ని ఆపేందుకే గొట్టాన్ని ఎత్తున వంచి, దాని శిఖరాన గాలిని లోపలికి తీసుకునే చిన్న వాల్వు పెడతారు. ఉప్పు గింజలు పట్టి ఆ వాల్వు బిగుసుకుంటే రక్షణ పోతుంది కనుక, ఏడాదికి ఒకటి రెండుసార్లు విప్పి మంచినీటితో కడగాలి.

ఇదే ప్రమాదం ఇంజను స్టార్ట్ కానప్పుడూ ఉంది. స్టార్టరుతో పదేపదే తిప్పుతున్నంతసేపు పంపు నీటిని నెడుతూనే ఉంటుంది గానీ, దాన్ని వెనక్కి ఊదడానికి పొగ ఒత్తిడి ఉండదు. కాబట్టి ఇంజను రెండు మూడు ప్రయత్నాలకు అందుకోకపోతే సీకాక్ మూసి తిప్పాలి, అందుకున్న క్షణమే తెరవాలి. నీరు నిండిన సిలిండర్‌ను స్టార్టరు బలంతో తిప్పితే, నీరు నొక్కుకుపోదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అనుమానం ఉంటే ఇంజెక్టర్లు తీసి లేదా, పాత ఇంజనుల్లో డీకంప్రెషన్ లివర్లు ఎత్తి, చేత్తో తిప్పి నీరు బయటికి కొట్టించి, నూనెను ఒకటికి రెండుసార్లు మార్చి, ఆలస్యం చేయకుండా ఇంజనును నడిపించాలి. ఉప్పునీరు తాకిన బేరింగులను ఒక రాత్రి అలా వదిలేసినా తుప్పు మొదలవుతుంది.

సముద్రం మధ్యలో

అలారం మోగినప్పుడు మొదట చూసుకోవలసినది పడవ భద్రత, ఆ తరువాతే ఇంజను. ఒడ్డుకు దూరంగా ఉంటే ఇంజనును ఆపి చాప ఎత్తాలి; ఒడ్డు దగ్గర, లోతు తక్కువ ఉంటే లంగరు వేయాలి; రాళ్ల మధ్య ఆపడానికి వీలు లేకపోతే వేగాన్ని బాగా తగ్గించి బయటపడాలి, ఆ కొద్దిసేపట్లో ఇంజనుకు కలిగే నష్టం పడవను కోల్పోవడం కన్నా తక్కువే. కాగిన ఇంజను దిమ్మె మీద చన్నీళ్లు పోయడం, వేడి మీద ఒత్తిడి మూత తిప్పడం రెండూ తగవు. చల్లారేందుకు అరగంట పైనే పడుతుంది. ఆ వ్యవధిలో జల్లెడ, సీకాక్, బెల్టు చూసుకోవచ్చు. పడవలో ఎల్లప్పుడూ ఉండవలసిన విడిభాగాలు కొద్దివే: రెండు ఇంపెల్లర్లు గాస్కెట్లతో సహా, ఒక బెల్టు, ఒక థర్మోస్టాట్, జల్లెడ మూత రింగు, కొన్ని క్లిప్పులు, తగిన కొలత గొట్టం ముక్క, రెండు లీటర్ల కూలెంట్.

మరమ్మతు పూర్తయ్యాక ఇంజనును ఖాళీగా తిప్పి చూసి తృప్తిపడితే చాలదు. పడవను గట్టి తాళ్లతో రేవుకు కట్టి, గేరు వేసి, మధ్యస్థ వేగంలో ఇరవై నిమిషాలైనా నడిపి, వెనుక పడే నీటిని కొలత బకెట్‌తో పట్టి నిమిషానికి ఎన్ని లీటర్లో లెక్కించి, హీట్ ఎక్స్‌చేంజర్‌కు ముందూ తరువాతా నల్లచుక్కల దగ్గర ఉష్ణోగ్రతలు కొలిచి, ఆ నాటి సముద్రపు నీటి ఉష్ణోగ్రతతో సహా పడవ పుస్తకంలో రాసి ఉంచాలి. ఇంజను ఆరోగ్యంగా ఉన్న రోజున రాసిన ఆ అంకెలు ఉంటే, మరుసటి ఏడు ప్రవాహం ఐదు లీటర్లు తగ్గినా, ఉష్ణోగ్రతల తేడా మూడు డిగ్రీలు పెరిగినా, అలారం మోగడానికి చాలా ముందే ఏ భాగాన్ని విప్పాలో తెలుస్తుంది.